సుగుణ ఎందుకు పోయింది

2010 జూన్‌లో నన్ను నాటక విభాగం బాధ్యతలతో ఒక ప్రభుత్వ రేడియో కేంద్రానికి బదిలీ చేశారు. ఇటు జనగామ నుంచి అటు భూపాలపల్లి దాకా వినిపించే కేంద్రం అది. నా హోదా ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్, మా వాడుకలో ‘పెక్స్’. పైన స్టేషన్ డైరెక్టర్, కింద ప్రసార సమయాన్ని సెకన్లతో సహా కాపాడే డ్యూటీ అధికారులు, మధ్యలో మేము. వినేవాళ్లకు రేడియో అంటే గొంతు. లోపల పనిచేసిన మాకు రేడియో అంటే ఫైలు. ఒక నాటకం గాలిలోకి వెళ్లాలంటే ముందు స్క్రిప్టును పెక్స్ చదివి పరిశీలన రాయాలి, డైరెక్టర్ సంతకం చేయాలి, ఆడిషన్‌లో నెగ్గి గ్రేడు తెచ్చుకున్న నటులకే కాంట్రాక్టులు పంపాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఆడిటువాళ్లు ఏళ్ల తర్వాత కూడా వెతుక్కుంటూ వస్తారు.

నేను పుట్టింది కొడకండ్ల దగ్గరి వ్యవసాయ కుటుంబంలో. ఉద్యోగమంతా వేరే ప్రాంతాల్లో గడిచింది. సొంత మాట వినిపించే చోటికి రావడం అదే మొదటిసారి కనుక, వచ్చిన ఏడాదే ఈ ప్రాంతపు మాటలో ఒక ధారావాహిక నాటకం మొదలుపెట్టాను. పేరు ‘పెద్దర్వాజ’, అంటే ఇంటి సింహద్వారం. వారానికి అరగంట. జనగామ దిక్కు ఒక పల్లెలో నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లు, ఆ ఇంటి పెద్దవ్వ లచ్చుమమ్మ, కోడళ్లు. హైదరాబాదులో ఉండే ఒక పెద్ద రచయిత రాసేవారు, నేను రూపొందించేదాన్ని. రెండో కోడలు సుగుణ. లారీ మీద తిరిగే మొగుడు నెలకొకసారి ఇంటికి వస్తాడు, మిగతా రోజులు ఆ ఇల్లు ఆమె చేతి మీద నడుస్తుంది. రచయిత ఆమెను పెద్ద పాత్రగా అనుకోలేదు. ఆ వేషం వేసిన ప్రమీల గొంతు వల్ల అది పెద్దదైంది. ప్రమీల జనగామలో ప్రభుత్వ పాఠశాల టీచరు. ‘ఆ’ అని ఒక్క అక్షరం పలికినా వెనకాల పది పనులు వినిపించే గొంతు ఆమెది.

2011 సెప్టెంబరులో తెలంగాణ కోసం ఉద్యోగుల సమ్మె మొదలైంది. మాది కేంద్ర ప్రభుత్వ కొలువు, సమ్మె మాకు వర్తించదు. కానీ టీచర్లు సమ్మెలో ఉన్నారు. ప్రభుత్వ టీచరు రేడియోలో నటించాలంటే హెడ్‌మాస్టరు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తేవాలి. బడే తెరవనప్పుడు ఆ పత్రం ఎవరు రాయాలి? పత్రం లేనిదే కాంట్రాక్టు లేదు, కాంట్రాక్టు లేనిదే స్టూడియోలోకి ప్రవేశం లేదు. అసలు బస్సులే లేవు, రావడమెట్లా? ప్రమీల ఫోన్ చేసి, దీక్షా శిబిరంలో కూర్చుంటున్నానని, ఎన్నాళ్లు పడుతుందో తనకే తెలియదని చెప్పింది. మరో గొంతును సుగుణగా పెడితే శ్రోతలు ఒప్పుకోరు. అందుకని రచయిత, నేను ఫోన్‌లో మాట్లాడుకుని, తర్వాతి భాగంలో ఒకే మాటతో ఆ పాత్రను పంపేశాం. ‘సుగుణ తల్లిగారింటికి పోయింది, పట్నంల ఏదో పని దొరికిందట’ అని చిన్న కోడలు అంటుంది. అంతే. ఇలాంటి సర్దుబాట్లు మా వృత్తిలో మామూలు. నటుడికి టైఫాయిడ్ వస్తే పాత్ర కాశీకి పోతుంది.

శ్రోతల ఉత్తరాలు వచ్చాయి. ప్రతి ధారావాహికకూ వస్తాయి. సుగుణను మళ్లీ తెమ్మని ఎక్కువమంది అడిగారు, అందరికీ ధన్యవాదాల కార్డు పంపాం. నాటకం ఆ చలికాలంలో ముగిసింది. ముగిశాక మహబూబాబాద్ నుంచి ఒక లావుపాటి కవరు వచ్చింది. పంపినామె పేరు అనసూర్య, గాజుల దుకాణం నడుపుతుంది. లోపల ముప్ఫై పేజీలకు పైగా గుండ్రటి దస్తూరి. ‘పెద్దర్వాజ’లోని మనుషులనే తీసుకుని, సుగుణ ఇల్లు విడిచిన సంగతి మీద ఆమె సొంతంగా రాసిన కథ. పేరు ‘సుగుణ ఎందుకు పోయింది’.

ఒకరి పాత్రలతో మరొకరు కథ అల్లడం ఇప్పుడు ఫోన్లలో మామూలైందని మా మేనకోడలు చెబుతుంది. నా ఉద్యోగంలో నేను చూసింది అదే మొదలు. రెండు పేజీలు చదివి పక్కన పెడదామనుకుని, మొత్తం చదివాను. నేను మరిచిపోయినవి కూడా ఆమెకు గుర్తున్నాయి. ఏ వారంలో ఎవరు ఎవరితో మాటలు మానేశారో, పెద్ద కోడలు చాయలో చక్కెర ఎందుకు తక్కువ వేస్తుందో, అన్నీ సరిగ్గా ఉన్నాయి. పేరు తీసేసినా ఏ మాట ఎవరిదో పోల్చుకోవచ్చు. జీతం తీసుకుని రాసేవాళ్లలో అందరికీ ఆ పట్టు లేదు.

ఆమె కల్పించిన కారణం మాత్రం నాకు మింగుడుపడలేదు. అందులో లచ్చుమమ్మ ఒక రోజు ఉన్నట్టుండి కోడలి మెడలో గొలుసు గుంజుకుంటుంది, ఇంట్లోంచి పొమ్మంటుంది. సుగుణ వాకిట్లో నిలబడి పేజీన్నర మాట్లాడుతుంది. ‘కలిసుండి కడుపు మాడ్చుకునే కన్న వేరుపడి మా బతుకు మేం బతుకుతం’ అని ముగిస్తుంది.

నియమం ప్రకారం దాన్ని డైరెక్టర్‌కు చూపించాను. ఆయన నెమ్మదైన మనిషి. ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి, ఈ రోజుల్లో ఉమ్మడి ఇంట్లోంచి ఒక మనిషి వేరుపడతానని రేడియోలో అంటే, అది అత్తాకోడళ్ల కథని ఎవరైనా నమ్ముతారా అని అడిగారు. ప్రసార నియమాల ప్రకారం మేము రాజకీయ వివాదంలో ఏ పక్షమూ తీసుకోకూడదు. తీసుకున్నామని రెండు పక్షాల్లో ఎవరనుకున్నా సంజాయిషీ ఆయనదే. కథను ఆయన తిప్పి పంపమనలేదు. ఆమెకు దిద్దే ఓపిక ఉంటే మళ్లీ చూద్దామన్నారు. నా అభ్యంతరం వేరు. అది రాజకీయమని కాదు, అది సుగుణ కాదని.

అది పరిశీలన పత్రంలో రెండు ముక్కల్లో రాయగలిగిన సంగతి కాదు. ఎలా రాయాలా అనుకుంటుండగా అవకాశం దానంతటదే వచ్చింది. 2012 మొదట్లో ఒక రోజు గార్లలో పాటల రికార్డింగుకు ప్యాసింజరు రైలులో బయలుదేరాను. బంద్ అని తెలుసు, రైళ్లు నడుస్తాయనుకున్నాను. మహబూబాబాద్‌లో పట్టాల మీద జనం కూర్చున్నారు. సాయంత్రం దాకా రైలు కదలదని స్టేషన్‌లో చెప్పారు. కవరు మీది చిరునామా నాకు గుర్తుంది. స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరమే.

బజారంతా షట్టర్లు దించి ఉన్నాయి. అనసూర్య దుకాణం షట్టరు మోకాలెత్తున తెరిచి ఉంది. వంగి, పేరు పెట్టి పిలిచి, నేనెవరో చెప్పాను. లోపల గాజుల డబ్బాలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. నలభై ఏళ్లుంటాయి ఆమెకు. భర్త సరుకుకని హైదరాబాదు పోయి బంద్‌తో అక్కడే చిక్కుకున్నాడట. దుకాణం వెనకే ఇల్లు. మధ్య గదిలో మంచం మీద ఆమె అత్త సత్తెమ్మ కూర్చుని ఉంది. మోకాళ్లు పట్టేసి ఎక్కువ నడవలేదు. నేను రేడియో నుంచి వచ్చానని తెలియగానే ఆ పెద్దామె ముందు అడిగింది, “ఏం బిడ్డా, సుగుణను ఎటు పంపిన్రు?”

చాయ తాగాక కథ ముందేసుకుని కూర్చున్నాం. మెచ్చుకోవలసినవి ముందు చెప్పాను. అవి మర్యాద మాటలు కావు కనుక చెప్పడానికి చాలాసేపు పట్టింది. తర్వాత నా సందేహాలు మొదలుపెట్టాను. ఏడో భాగంలో బావ అందరి ముందు కంచం విసిరితే సుగుణ ఏమీ అనకుండా తీసి కడిగింది. పన్నెండో భాగంలో మొగుడు చెప్పకుండా ఆమె గొలుసు కుదువ పెడితే, విడిపించుకుని మళ్లీ వేసుకుంది. అన్నీ ఓర్చిన మనిషి ఇప్పుడెందుకు ఓర్చలేదు?

“గుంజుకున్నది గద మేడం. మెడల చెయ్యేసింది” అంది అనసూర్య.

“లచ్చుమమ్మ ఎందుకు గుంజుకుంది?”

“అత్త గద!”

లోపలి మంచం మీది నుంచి నవ్వు వినిపించింది. “అత్తనైతె గుంజుకుంటనానే? ఇన్నేండ్లాయె, నీ మెడల ఉన్నది ఎన్నడన్న ముట్టిన్నా?”

అనసూర్య తల తిప్పకుండానే అంది, “నిన్నంటలేను అత్తమ్మా. కథల ముచ్చట.”

“కథలనైన గంతే. లచ్చుమమ్మకు కాళ్లు రావు. దూపైతె నీళ్లకు సుగుణనే పిలుస్తది. గామెను ఎల్లగొట్టి ఏం తింటది?”

నేను అడగబోయింది కూడా అదే. చెడ్డవాళ్లకు కూడా చెడు చేయడానికి ఒక అవసరం ఉండాలని, ఏమీ కలిసిరాని చోట మనిషి చెడు కూడా చేయడని అనసూర్యకు చెప్పాను. ఆమె వాదించింది. బజారులో నాలుగిళ్ల అత్తలను ఉదాహరణగా చూపించింది. ఒక్కో అత్త గురించి, ఆమెకేం దక్కిందని నేను అడుగుతూ పోయాను. ఆలోచించి జవాబు చెప్పింది. మూడో అత్త దగ్గరికి వచ్చేసరికి తనే ఆగి, “లచ్చుమమ్మకైతె ఏం దక్కదు” అంది.

అంతలో బయట నినాదాలు దగ్గరయ్యాయి. ఎవరో షట్టరు మీద తట్టి, మొత్తం దించమన్నారు. అనసూర్య లేచిపోయి, “బందే ఉన్నదన్నా, ఇంట్లోల్లం కూసున్నం” అని చెప్పి, వాళ్లకు బిందెతో మంచినీళ్లు ఇచ్చి, షట్టరు దించి వచ్చింది. ఆ ఊరేగింపులో తన తమ్ముడూ ఉన్నాడని, పోయిన వారం చౌరస్తా దీక్షలో తనూ కూర్చున్నానని చెప్పింది. నేను అడగవలసిన రెండో ప్రశ్నకు అది దారి చూపింది. సుగుణ వాకిట్లో అన్న మాటలు ఎక్కడివని అడిగాను.

“టెంటుల ఒక సారు మాట్లాడిండు మేడం. నాకు దుఃఖమచ్చింది. గందుకే రాసిన.”

అవి మంచి మాటలే అన్నాను. అక్కడ, ఆ మైకు ముందు, వాటికి బలముంది. “కానీ సుగుణ పొయ్యి ముంగటి మనిషి గదమ్మా. పేజీన్నర మాట్లాడెటామె అయితే ఇంతకు ముందే మాట్లాడేది. కంచం ఇసిరిన నాడే మాట్లాడేది” అన్నాను. ఉద్యోగంలో అలవాటైన భాష వదిలి నేనూ ఇంటి మాటలోకి జారుకున్నానని అప్పుడు గమనించాను.

ఆమె ముఖం ఎర్రబడింది. కథను మూసి పక్కన పెట్టింది. “అన్ని కాదంటున్నరు. మరి మీరెందుకు పంపిన్రు మేడం? ఊకెనే పోయెటామె కాదు సుగుణ. మీరే జెప్పుండ్రి, ఎందుకు పోయింది?”

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సమ్మె వల్ల ఆ నటి రాలేకపోయిందని, పాత్రను తీసేయడం తప్ప మాకు దారి లేదని, మా దగ్గర వేరే కారణం లేదని. అనసూర్య నమ్మలేనట్టు చూసింది. సుగుణకు గొంతునిచ్చిన మనిషి కూడా ఏదో ఒక దీక్షా శిబిరంలో కూర్చుందని ఆమెకు అప్పుడే తెలిసింది. పక్కన పెట్టిన కథను మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. తర్వాత మెల్లగా అంది, “అయితే మీకు తెల్వది. నాకే ఎరుక కావాలె.”

నా ఉద్యోగ జీవితంలో ఒక రచయిత నోట అంతకన్నా బాధ్యత గల మాట నేను వినలేదు. ఒక్కటే ప్రశ్న ఆమెకు వదిలి వచ్చాను. సుగుణ ఎందుకు పోయిందన్నది పక్కన పెట్టి, ఆ రోజే ఎందుకు పోయిందో ఆలోచించమన్నాను. నిన్న పోలేదు, రేపటిదాకా ఆగలేదు. ఆ రోజున ఏమైంది?

వచ్చేముందు సత్తెమ్మ దగ్గర సెలవు తీసుకోవడానికి మంచం దగ్గరికి వెళ్లాను. మోకాళ్లకు వైద్యం చేయిస్తున్నారా అని అడిగితే, దవాఖానకు పోతే ఆపరేషను అంటున్నారని చెప్పి, నవ్వుతూ అంది, “నాకేం రంది బిడ్డా. అనసూర్య ఉన్నది. అదెటు పోతది?” అనసూర్య అప్పుడు చాయ గ్లాసులు తీస్తోంది.

కొన్ని వారాల తర్వాత రెండో ప్రతి వచ్చింది. ఈసారి పదిహేను పేజీలు కూడా లేవు. గొలుసు లేదు, తగువు లేదు. లచ్చుమమ్మ ఇంటికి చుట్టాలు వస్తారు. అందరూ సంతోషంగా ఉంటారు. వాళ్లలో ఒకామె, కొడుకులు తలో దిక్కు తిరుగుతుంటే కాళ్లు రాని దానివి ఎట్ల బతుకుతవే అని అడుగుతుంది. లచ్చుమమ్మ ప్రేమగానే జవాబిస్తుంది, “నాకేం రంది, సుగుణ ఉన్నది. అదెటు పోతది?” సుగుణ గ్లాసులు అందుకుని లోపలికి పోతుంది. మరుసటి పొద్దున పొయ్యి ముట్టించి, అత్తకు నీళ్లు కాగబెట్టి, బియ్యం కడిగిపెట్టి, ఇల్లు విడిచి పోతుంది. ఒక్క మాట మాట్లాడదు.

తిట్టు కన్నా, ఎటూ పోదని నమ్మిన ఆ ముద్దు మాటే మనిషిని ఇంట్లోంచి లేపగలదని నాకెప్పుడూ తోచలేదు. లచ్చుమమ్మ మీద కోపం రాదు, సుగుణ మీదా రాదు. ఇద్దరికీ కారణం ఉంది. ఆ మాట ఎక్కడిదో కూడా నాకు తెలుసు కనుక అనసూర్యకు ఫోన్ చేశాను. ఇది గాలిలోకి పోతే మీ ఇంట్లో వింటారు, కావాలంటే ఆ వాక్యం మారుద్దాం, వేరే మాట వెతుకుదామన్నాను.

“నేను గూడ అదే పరేషాన్ల ఉన్న మేడం. అత్తమ్మ ఇంటది. ఇరుగుపొరుగు ఇంటరు, నన్నే అనుకుంటరు. రెండు దినాలు ఇంకో మాట ఎతికిన. దొరకలే. ఆ మాట తీస్తె సుగుణ ఇంట్లనే ఉంటది.”

మార్చలేదు. డైరెక్టర్ చదివి, ఇందులో ఎవరూ ఏమీ అనలేదు కదా అని కొంత ఆశ్చర్యంగా సంతకం పెట్టారు. మరొకరి పాత్రలు కనుక మూల రచయిత రాతపూర్వక అనుమతి కావాలి. ఆ పెద్దాయన అనుమతి పత్రంతో పాటు ఒక వాక్యం అదనంగా రాశారు. సుగుణ ఎందుకు పోయిందో తనకూ తెలుసుకోవాలని ఉండిందట.

సమ్మె అప్పటికే ముగిసింది. బడులు నడుస్తున్నాయి, ప్రమీల పత్రం తెచ్చింది. రిహార్సల్‌లో అసలు చిక్కు బయటపడింది. రేడియోలో మౌనం ఉండదు. నాలుగైదు సెకన్లు శబ్దం లేకపోతే శ్రోత సెట్టును తడతాడు. ఒక మనిషి మాట్లాడకుండా ఇల్లు విడిచి పోవడం చెవికి ఎలా చూపించాలి? చివరికి మంచంలోంచి లచ్చుమమ్మ పిలిచే మూడు పిలుపులతో కట్టాను. మొదట, నీళ్లు కాగినయా అని. తర్వాత పెద్దర్వాజ కిర్రుమంటుంది, ఎవరో దర్వాజ తీసినట్టుంది చూడమని సుగుణకే చెబుతుంది. మూడోది ఉత్త పేరు. వెనకాల నీళ్లు మరుగుతూనే ఉంటాయి.

ప్రమీల మూడు పిలుపులూ విని, ఒక చోట ఒప్పుకోలేదు. “మొదటి పిలుపుకు పలకకుండ ఎట్ల ఉంటది మేడం? మనసు పోయింది గని అలవాటు పోలే గద. ‘ఆ, వస్తున్న అత్తమ్మా’ అంటది. అనుకుంటనే చెప్పులేసుకుంటది.” రిహార్సల్ చూడటానికి వచ్చిన అనసూర్య వైపు చూశాను. అనసూర్య పెన్ను తీసుకుని ఆ వాక్యం రాసేసింది. ఆ ఒక్క అబద్ధంతో సుగుణ పోవడం నిజమైంది.

ఆ రోజుల్లో ఏడాదికోసారి శ్రోతలను పిలిచి వాళ్ల సమక్షంలో నాటకం రికార్డు చేసే పద్ధతి ఉండేది. ఆ ఏడు వంతు భూపాలపల్లికి వచ్చింది. బొగ్గు గనుల కాలనీలో ఒక హాలు తీసుకున్నాం. షిఫ్టు దిగి వచ్చినవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. అనసూర్య ముందు వరసలో కూర్చుంది. అత్త రాలేదు, ఇంట్లో రేడియోలో వింటానందట. జనం గుమికూడితే ఏ నిమిషానైనా నినాదం లేచే కాలం. డైరెక్టర్ రికార్డింగ్ మిషన్ పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నారు.

‘అదెటు పోతది’ అన్న మాట దగ్గర ఆడవాళ్ల వైపు చిన్న సవ్వడి లేచింది. కుర్చీల్లో కదిలారంతే. ప్రమీల ‘ఆ, వస్తున్న అత్తమ్మా’ అని మైకుకు రెండడుగులు వెనక్కి జరిగింది. దర్వాజ కిర్రుమంది. సరిగ్గా అప్పుడు వెనకాల నుంచి ఒక మగ గొంతు, “జై తెలంగాణ!” అని అరిచింది. హాలంతా అందుకోవలసింది. అందుకోలేదు. పక్కనే ఉన్న ఒక ముసలామె, “ఊకో బిడ్డా, ఆమె పోతున్నది” అంది. హాలు సద్దుమణిగింది. వేదిక మీద లచ్చుమమ్మ వేషంలో ఉన్న పెద్ద నటి, నలభై ఏళ్ల అనుభవం గల మనిషి, మూడో పిలుపుకు ఒక క్షణం ఎక్కువ తీసుకుంది.

చప్పట్లు ఆలస్యంగా మొదలయ్యాయి. తర్వాత చాలాసేపు జనం కదల్లేదు. సుగుణ చేసింది తప్పని, ఒప్పని రెండు వర్గాలుగా చీలి వాదించుకున్నారు. ఎసరు పెట్టి మరీ పోయిందంటే ఆమె ఎంత మంచిదో చూడమని ఒకరు, అంత మంచిదైతే ఎందుకు పోయిందని ఇంకొకరు. ఒక గని కార్మికుడు అనసూర్య దగ్గరికి వచ్చి, సుగుణ పట్నంలో ఎట్లా ఉందో అడిగాడు. ఆమె తడుముకోకుండా, మంచిగనే ఉన్నదని చెప్పింది.

ప్రసారానికి ముందు నినాదాన్ని తీసేయాలి, అది నియమం. ముసలామె మాట దాని వెంటనే వచ్చింది గాని, రెంటికీ మధ్య సన్నటి సందు దొరికింది. నినాదం వరకే కోసి, ‘ఊకో బిడ్డా, ఆమె పోతున్నది’ అన్నది అలాగే ఉంచాను. డైరెక్టర్ రెండుసార్లు విని, ఉండనిమ్మన్నారు. శ్రోతలు దాన్ని నాటకంలో మాటే అనుకున్నారు. ఆ పొరుగింటి ముసలామె వేషం ఎవరు వేశారని అడుగుతూ ఉత్తరాలు వచ్చాయి.

ప్రసారమైన వారం తర్వాత అనసూర్య ఫోన్ చేసింది. అత్తమ్మ మొత్తం విన్నదని, విన్నాక రేడియో కట్టేయమన్నదని చెప్పింది. ఆ రోజు, మరునాడు కూడా ఆ ప్రస్తావనే రాలేదు. మూడో రోజు తను దుకాణంలో ఎవరికో గాజులు తొడుగుతుంటే లోపల్నుంచి అత్తమ్మ పిలిచింది. ఏంది అత్తమ్మా అని అడిగితే, “ఏం లేదు. ఉన్నవా అని పిలిచిన” అన్నదట. చెప్పేటప్పుడు అనసూర్య నవ్విందో ఏడ్చిందో ఫోన్‌లో నాకు సరిగ్గా తెలియలేదు. ఆమె తర్వాత మా కేంద్రానికి మరో రెండు నాటికలు రాసింది. ఈసారి మనుషులు కూడా ఆమె సొంతం. ఒకటి తిప్పి పంపాను, ఒకటి ప్రసారం చేశాను. ఇప్పటికీ దుకాణం నడుపుతోంది.

ఆ ఘటనతో నా పనిలో ఒక మార్పు వచ్చింది. అంతకు ముందు స్క్రిప్టుల మీద ‘పాత్ర చేసిన పనికి కారణం చాలదు’ అని రాసి పంపేదాన్ని. అది చూసి రచయితలు కారణాన్ని పెద్దది చేసుకుని వచ్చేవాళ్లు. తిట్టు దెబ్బయ్యేది, దెబ్బ హత్యాయత్నమయ్యేది. పాత్ర మాత్రం ఉన్నచోటే ఉండేది. ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఒకే ప్రశ్న రాశాను, ఈ మనిషి ఈ పని ఈ రోజే ఎందుకు చేసింది అని. చాలామంది విసుక్కున్నారు. కొందరు మళ్లీ పంపలేదు. జవాబు వెతుక్కుని వచ్చినవాళ్ల స్క్రిప్టులు చిన్నవయ్యాయి, నేను వాటిలో దిద్దవలసింది పెద్దగా ఉండేది కాదు.